ఆకురాయి చిన్నాయన చెయ్యి

కువైట్‌లోని ఖైతాన్‌లో ఒకప్పుడు మేమంతా ఉన్న గది వాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మొన్న అందులో ఒక మెసేజ్ వచ్చింది. ‘చేతులు వణికే చిన్నాయన రాయచోటిలో పోయినాడంట. పాపం. ఓం శాంతి.’ దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. నేనప్పుడు ఫర్వానియాలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఒక బస్సు వదిలేశాను. ఇంకో బస్సు కూడా వదిలేశాను. ఆయన్ను పట్టుకుని ‘చేతులు వణికే’ అంటారా? ఆ గదిలో పదేళ్లు ఆయన చేత జిప్పులు బాగు చేయించుకుని, కళ్లజోళ్లకు మరలు బిగించుకుని, సూదిలో దారం ఎక్కించుకుని, ఇప్పుడు ఈ మాటా?

తప్పు వాళ్లది కాదు. వాళ్లకు తెలిసింది అంతే. తెలిసినవాణ్ని నేనొక్కణ్ని, ఇన్నాళ్లూ నోరు మూసుకుని కూర్చున్నవాణ్నీ నేనే. ఆయన పోయాడు కాబట్టి ఇప్పుడు చెప్పవచ్చు. పేరు మాత్రం రాయను. పేరుతో ఎట్లాగూ ఎవరూ పిలిచేవాళ్లు కాదు. మాకందరికీ ఆయన ఆకురాయి చిన్నాయన.

ఖైతాన్‌లో తాళాలు, షట్టర్లు బాగు చేసే దుకాణంలో ఇద్దరం పనిచేశాం. ఆయన ఆకురాయి పనికి, నేను వెల్డింగుకు. ఆయనకు అరవై దాటాయి, నాకు నలభై. ఇద్దరిదీ ఒకటే జిల్లా, ఒకటే గది, మంచాలు కూడా ఎదురెదురు. ఇనుము రుద్దితే ఆకురాయి కీచుమంటుంది కదా, చిన్నాయన రుద్దితే ఆ కీచు ఉండేది కాదు. ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఒకే తీరుగా వినిపించేది. నాలుగుసార్లు తోసి ఆపేవాడు. ఇనుప రజను ఊదేవాడు కాదు, కుంచెతో తుడిచేవాడు. ఊదితే కంట్లో పడుతుందని కాదు, ‘ఎంగిలి తడి తగిలితే తుప్పు పడతాది’ అని. ఆ తర్వాత ఆ ముక్కను చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. వేళ్లు కాయలు కాసిపోయాయట, వాటికి ఇంక నిజం తెలియదట. చెంప మాత్రం అబద్ధం చెప్పదట. మా దుకాణంలో పనిచేసే బంగ్లాదేశ్ అతను మొదట్లో దాన్ని చూసి, ఈ చాచా ఇనుముకు ముద్దులు పెడతాడని ఖైతాన్ అంతా చెప్పుకు తిరిగాడు. ఏడాది తిరిగేసరికి అతనూ చెంపకు ఆనించి చూడడం మొదలుపెట్టాడు.

నన్ను మాత్రం రోజూ తిట్టేవాడు. ‘నీకు చెయ్యి ఉరకతాదిరా. పనికి ముందే నీ చెయ్యి ఇంటికి పోయి కూచుంటాది. తీసిన ఇనుము మళ్లా అతికిచ్చే మంత్రం ఏమన్నా ఉండాదా నీకాడ?’ నేను వెల్డింగువాణ్ని, అతికించడమే నా పని అని ఎదురు చెప్పేవాణ్ని. ‘అందుకే నీకు బయం లేదు’ అనేవాడు.

ఇక ఆయన సరదా సంగతి. మేం చేరక ముందెప్పుడో మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, ఆయన కొడుకు విదేశం నుంచి ఒక అట్టపెట్టె తెచ్చుకున్నాడట. పాతకాలం పిస్తోలు బొమ్మ చేసుకునే సామాను అది. ఇత్తడి ముక్కలు, కర్ర పిడి, అన్నీ సగం సగం చేసినవే. మిగతా సగం కొనుక్కున్నవాడు ఇంట్లో కూర్చుని రుద్దుకుని, పొసగించుకుని పూర్తి చేసుకోవాలి. గోడకు పెట్టుకోవడానికి తప్ప పేలేది కాదు. గొట్టం అంటే గొట్టం కూడా కాదు, మూసిన కమ్మీ. ఆ కుర్రవాడు రెండు రోజులు రుద్ది, వేలు కోసుకుని, పెట్టెను దుకాణం అటకమీద పడేశాడు. పాత సామాను తీసి పారేసే రోజున చిన్నాయన దాన్ని చూశాడు. జీతం పెంచమని ఎన్నడూ అడగని మనిషి, ‘బాబా, ఇది నాకియ్యి’ అని కఫీల్ను అడిగాడు.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం మా గది బాల్కనీ ఆయనది. మేమంతా మాలియా బజారుకో, మిత్రుల గదులకో పోయేవాళ్లం. ఆయన తలంటుకుని, నుదుట విబూది పెట్టుకుని, స్టూలుకు ముక్కను పట్టి ఉంచే చిన్న వైసు బిగించి, కింద పాత పంచె ముక్క పరిచి కూర్చునేవాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే ‘వస్తాండా’ అనేవాడు. ఆ ‘వస్తాండా’కు గంటన్నర పట్టేది. ఏం సుఖం చిన్నాయనా ఇందులో, వారమంతా చేసేది ఇదే పని కదా అని ఒకసారి అడిగాను.

‘మొత్తం చేసేది బతుకుదెరువురా. సగం చేసేది సరదా’ అన్నాడు. ‘యాడో ఎవుడో సగం చేసి, ఇంగ నీ ఇష్టం నాయనా అని మనకు ఇడిసిపెట్టినాడు. వాడు ఎవుడో నాకు తెల్దు, నేనెవురో వానికి తెల్దు. వాడు యాడ తప్పు చేసినాడో, యాడ బద్దకించినాడో అంతా కనపడతాది. వానితో మాట్లాడతాండట్టే ఉంటాది నాకు.’

మొదటి పిస్తోలు పూర్తి కావడానికి ఏడు నెలలు పట్టింది. ఇత్తడి మీద ఎక్కడా ఆకురాయి గీత కనపడలేదు. సుత్తిలా కొట్టే పైముక్కను బొటనవేలితో వెనక్కి లాగి వదిలితే ‘టక్’ మని ఒకే ఒక్క చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు కోసమే మూడు శుక్రవారాలు కూర్చున్నాడు. ముందు ‘టకక్’ అనేదట, మాకెవరికీ తేడా తెలియలేదు. దాన్ని తీసుకుపోయి కఫీల్‌కు ఇచ్చాడు. పెద్ద బాబా అంటాం మేం ఆయన్ని, మంచి మనిషి. అటూ ఇటూ తిప్పి చూసి, ఆ గురువారం తన దివానియాకు, అంటే అతిథులు వచ్చి కూర్చునే పెద్ద గదికి, రమ్మన్నాడు. తోడుగా నేనూ పోయాను.

అక్కడ పెద్ద పెద్ద వాళ్లు గోడల వెంట కూర్చుని ఉన్నారు. పిస్తోలును గోడకు తగిలించి, చిన్నాయనను పక్కన కూర్చోబెట్టుకుని, ఇదీ ఈ చేతి పని అని చెప్పాడు పెద్ద బాబా. చిన్న గిన్నెల్లో కాఫీ పోశారు. అరబ్బుల ఇళ్లలో ఆ గిన్నెను ఇక చాలు అన్నట్టు అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. చిన్నాయన ఇరవై ఏళ్లు కువైట్‌లో ఉన్నాడు గాని దివానియాలో ఎప్పుడు కూర్చున్నాడని? తాగడం, మర్యాదగా గిన్నె చాచడం, వాళ్లు పోయడం. వద్దంటే తప్పేమోనని మళ్లీ తాగడం. పదకొండు గిన్నెలు నేనే లెక్కపెట్టాను. పన్నెండోది పోస్తుంటే పెద్ద బాబా కడుపు పట్టుకుని నవ్వి, చిన్నాయన మణికట్టు పట్టుకుని ఎట్లా ఊపాలో చూపించాడు. చిన్నాయనకు అది రాదే! గిన్నె నిట్టనిలువుగా ఉండిపోయింది. బయటకు వచ్చాక నాతో అన్నాడు: ‘పుట్టినప్పటి నుంచి చెయ్యి కదలకుండా పట్టుకునేదే నేర్సినా. ఊపమంటే యాడ ఊపేదిరా?’ ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు, ఆయన అటూ ఇటూ దొర్లుతుంటే నాకూ లేదు.

తర్వాత పెద్ద బాబానే కొడుకు చేత పెట్టెలు తెప్పించేవాడు. తొమ్మిదేళ్లలో ఆరు పిస్తోళ్లు చేశాడు చిన్నాయన. ఆరూ ఆ దివానియా గోడ మీదికే పోయాయి. ఒక్కటీ తనకు ఉంచుకోలేదు. ఉంచుకోకపోవడమే మేలు, తుపాకీ ఆకారం ఉన్న దేన్నయినా ఈ దేశంలో గదిలో పెట్టుకుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు.

బొమ్మే అయినా దాని మూతి ఎప్పుడూ గోడ వైపే ఉండేది. ఒకసారి మా గదిలో ఒకతను, చిన్నాయన స్నానానికి పోయినప్పుడు, పూర్తికాని పిస్తోలును స్నేహితుడి కణతకు పెట్టి సెల్ఫీ తీసుకున్నాడు. చిన్నాయన తడి తలతో వచ్చి చూశాడు. ఫోను అడిగి తీసుకుని, ఆ ఫోటో తీసేయించి, రెండోసారి కూడా చూసి, మూడురోజులు అతనితో మాట్లాడలేదు. ‘బొమ్మే కదా చిన్నాయనా’ అంటే, ‘బొమ్మ దానికి తెల్సు బొమ్మని. మీ చేతికి తెల్సునా?’ అన్నాడు. దసరాకు దుకాణంలో ఆయుధపూజ చేసేవాడు. ఈజిప్టు మేనేజరు కూడా అరటిపండు కోసం వచ్చి నిలబడేవాడు. ఆకురాళ్లన్నిటికీ, సుత్తికి, నా వెల్డింగు మిషనుకు కూడా కుంకుమ పెట్టేవాడు. చేతిలో ఉన్న పిస్తోలు బొమ్మకు మాత్రం పెట్టేవాడు కాదు. ఆయుధపూజ కదా, అసలు ఆయుధాన్ని వదిలేశావేమని నేను ఆటపట్టించాను. ‘మనకు కూడు పెట్టేదే ఆయుధం. అది కాదు’ అన్నాడు.

ఇట్లా ఉండగా పెద్ద బాబాకు జబ్బు చేసింది. వైద్యానికి వేరే దేశం తీసుకుపోయారు, కొడుకు కూడా వెంట వెళ్లాడు. దుకాణమూ, మా కాగితాలూ ఆయన మేనల్లుడి చేతిలోకి వచ్చాయి. ముప్పై ఏళ్లవాడు. అతనికి సొంత అన్నతో ఇంటి వాటా గొడవ. దుకాణంలో నిలబడి ఫోనులో అరిచేవాడు, మాకు అరబ్బీ రాదని కాదు, వస్తే మాత్రం మేం ఏం చేస్తామని. వాడికి చూపిస్తాను, వాడి ఇంటి ముందుకే పోతాను, ఇవే మాటలు.

ఒకరోజు ఆ మేనల్లుడు షట్టరు సగం దించి, ఒక పెట్టె తెచ్చి చిన్నాయన బల్ల మీద పెట్టాడు. అమెరికాలో కొందరికి ఇట్లాంటివి ఇంట్లో కూర్చుని పూర్తి చేసుకోవడం సరదా అట, స్నేహితుడి ద్వారా వచ్చిందట. ‘నువ్వు చేసేవాటి లాగే ఇదీ సగం చేసిందే. మిగతా సగం నువ్వు చెయ్యి, షాయిబ్’ అన్నాడు. షాయిబ్ అంటే ముసలాయనా అని. చిన్నాయన ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాడు. చెంప దాకా తీసుకుపోలేదు. మళ్లీ పెట్టెలో పెట్టేశాడు.

‘బాబా, యే ఖిలోనా నహీ హై’ అన్నాడు. ఇది బొమ్మ కాదు అని. పూర్తయితే నిజంగా పేలేదే.

‘ఖిలోనా అని నేనన్నానా?’ అన్నాడు మేనల్లుడు. ‘నీ ఇఖామా వచ్చే నెల అయిపోతుంది. నీ వయసువాడికి మళ్లీ కొట్టించడం తేలిక కాదు. ఇది అయితే అదీ అవుతుంది. ఇది లేకపోతే ఖలాస్.’ ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం.

ఇంత స్పష్టంగా ఎవరైనా చెబుతారా అనుకోకండి. ఇక్కడ స్పష్టంగానే చెబుతారు. చిన్నాయనకు ఇంకా రెండేళ్లు కావాలి. ఊళ్లో కట్టుకుంటున్న ఇంటికి అప్పటికి గోడలే లేచాయి, పైకప్పు లేదు. ఆయన భార్య బంధువుల పంచన ఉంది. చేస్తే ఒక తీరు ముప్పు, పట్టుబడితే ఈ దేశంలో జైలే. చెయ్యకపోతే విమానం. మేనల్లుడు పోయాక నేను కోపంగా అన్నాను: ‘చెయ్యనని మొగం మీద చెప్పేయి చిన్నాయనా.’

‘చెప్పొచ్చు’ అన్నాడు. పెట్టె మూత వేసి బల్ల కింద పెట్టాడు.

ఆ పెట్టెను గదికి రానియ్యలేదు. ‘ఆడ ఆరుమంది బతుకులుండాయి’ అన్నాడు. శుక్రవారం పొద్దున దుకాణం మూసి ఉంటుంది, తాళం నా దగ్గర ఉంటుంది. నేను తీస్తే లోపల కూర్చునేవాడు. మొదటి శుక్రవారం ఒక్క పిడిని మాత్రం నున్న చేశాడు, రెండో శుక్రవారం కూడా దాన్నే నున్న చేశాడు. మేనల్లుడు వచ్చి చూసి, మెరుపుకు మురిసిపోయి, మాషా అల్లా అన్నాడు. అసలు పని ఒక్క పిసరు ముందుకు జరగలేదని అతనికి తెలియలేదు, నాకు తెలిసింది. పెద్ద బాబా తిరిగి వచ్చేదాకా జరుపుతున్నాడని అర్థమైంది. కాని మేనల్లుడికి ఓపిక తక్కువ.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు రిలీజ్ కావాలి. షర్క్‌లో ఒక పెద్ద కంపెనీలో మంచి పని రెడీగా ఉంది, ఇక్కడి కఫీల్ సంతకం పెట్టి వదిలితే చాలు. మేనల్లుడు పెట్టడం లేదు. ఆ వారం మధ్యలో ఒకరోజు చిన్నాయన చాయ్ తేవడానికి పక్క సందులోకి పోయాడు. మేనల్లుడు నా దగ్గరకు వచ్చి, ‘ముసలాయన చేత కాకపోతే నువ్వు చేస్తావా? ఆకురాయి పట్టడం వచ్చా?’ అని అడిగాడు. ‘రిలీజ్ కాగితం నా బండిలోనే ఉంది’ అని కూడా అన్నాడు. నేను తల ఊపాను. నోటితో ఏమీ అనలేదు, తల మాత్రం ఊపాను. వెంటనే చిన్నాయన చాయ్ గ్లాసులు పట్టుకుని లోపలికి వచ్చాడు. నాకొకటి ఇచ్చాడు. చక్కెర ఎక్కువ వేయించి తెచ్చాడు, నాకు ఇష్టమని.

మూడో శుక్రవారం వచ్చింది. షట్టరు తీసి నేను గడప దగ్గర కూర్చున్నాను. చిన్నాయన వైసులో ముక్క బిగించాడు. సన్న ఆకురాయి తీయలేదు, అన్నిటికంటే గరుకుది తీశాడు. నాకు ఆశ్చర్యమేసింది. దేన్నీ ఆయన దానితో మొదలుపెట్టగా నేను చూడలేదు. వాడవలసిన చోట కాదు, తాకకూడని చోట పెట్టాడు. ఎక్కడ, ఎంత అన్నది నేను రాయను. నాలుగుసార్లు తోశాడు. ఈసారి ఆకురాయి కీచుమంది. ఆయన చేతి కింద ఆ చప్పుడు నేను వినడం అదే మొదలు. ఆపి చూసి, మళ్లీ నాలుగుసార్లు తోశాడు. అది ఇంక ఏ మనిషి చేతిలోనూ పిస్తోలు కాబోదని వెల్డింగువాణ్ని నాకే తెలిసిపోయింది. కుంచెతో రజను తుడిచాడు. చేతులు కడుక్కుని వచ్చి, చాలాసేపు బల్ల ముందు ఊరికే కూర్చున్నాడు. యాభై ఏళ్ల పనిలో ముక్క పాడు చేయలేదని గొప్పగా చెప్పుకునే మనిషి. నిజంగానే ఒక్కటీ పాడు చేయలేదు. చివరికి లేచాడు. ‘పోదాం పద, ఎండెక్కుతాంది’ అన్నాడు.

మర్నాడు మేనల్లుడు వచ్చాడు. ఈజిప్టు మేనేజరు, బంగ్లాదేశ్ అతను, నేను అందరం ఉన్నాం. చిన్నాయన లేచి నిలబడి పెట్టె అతని ముందు పెట్టాడు.

‘బాబా, ఖర్బాన్. పాడైపోయింది. హాత్ హిల్తా హై’ అని తన కుడిచెయ్యి చాచాడు. ఆ చెయ్యి వణుకుతోంది. వేళ్లు, మణికట్టు, మోచేయి దాకా. అందరి ముందూ, పట్టపగలు. ముసలితనం వల్ల వణికే చేతిని ఎక్కడ గమనించి పెట్టుకున్నాడో గాని, అచ్చం అట్లాగే వణికించాడు. కంటి రెప్ప మాత్రం వాల్చలేదు.

మేనల్లుడు ముక్క తీసి చూసి పిచ్చెత్తినట్టు అరిచాడు. గాడిద అన్నాడు, గుడ్డివాడన్నాడు. చేత కానివాడివి చేతనవునని ఎట్లా ఒప్పుకున్నావన్నాడు. చిన్నాయన ‘సామెహ్నీ బాబా, మన్నించు, ముసలోణ్ని’ అంటూ చెయ్యి అట్లాగే చాచి ఉంచాడు. చివరికి మేనల్లుడు పెట్టెను తన్ని, ‘ఖలాస్, సఫర్’ అన్నాడు. ఇక ఊరికి పో అని. నా వైపు చూశాడు. చూసి ఏం లాభం, చేయడానికి ముక్కే మిగల్లేదు. ఆ పెట్టెను అతనే తీసుకుపోయి ఎక్కడో పారేశాడని తర్వాత విన్నాం.

టికెట్ వచ్చేదాకా ఇంకా పద్దెనిమిది రోజులు చిన్నాయన దుకాణానికి వచ్చాడు. ఆ పద్దెనిమిది రోజులే నాకు అన్నిటికంటే కష్టంగా గుర్తున్నాయి. దుకాణంలో ఉన్నంతసేపూ చెయ్యి వణకాలి కదా! చాయ్ ఒలకబోసుకున్నాడు. తాళంచెవులు కింద పడేశాడు. బంగ్లాదేశ్ అతను ఆయన చేతిలోంచి ఆకురాయి మెల్లగా తీసుకుని, ‘రహనే దో చాచా, మై కర్తా హూ’ అనేవాడు, ఉండనీ నేను చేస్తాను అని. ఆ పిల్లవాడి కంటే వంద రెట్లు బాగా చేయగలిగిన మనిషి పక్కన స్టూలు మీద కూర్చుని, ఇంకొకరు చేసే పనిని చూస్తూ ఉండేవాడు. వచ్చే గిరాకీలు కూడా జాలిపడేవాళ్లు. ఆ మాట గదికి చేరింది, మా వాళ్లు ఆయన గ్లాసులో సగమే చాయ్ పోయడం మొదలుపెట్టారు. అట్లా వచ్చిందే ఈ ‘చేతులు వణికే’ పేరు. గదిలో మాత్రం ఒకసారి, అందరూ పడుకున్నారనుకుని, కళ్లజోడు లేకుండానే సూదిలో దారం ఎక్కించి చిరిగిన సంచీ కుట్టుకుంటున్నాడు. నేను చూశానని ఆయనకు తెలుసు.

ఆయన వెళ్లిన రెండు నెలలకు పెద్ద బాబా తిరిగి వచ్చాడు. చిన్నాయన ఏడని అడిగితే చేతులు వణికి పనికి రాకుండా పోయాయని చెప్పారు. ఆ మాట విని పెద్దాయన ఎంత బాధపడ్డాడో. నిజం చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే మేనల్లుడి సంగతి చెప్పాలి, చిన్నాయన ఆ పెట్టె ముట్టుకున్న సంగతి చెప్పాలి, నా తల సంగతి చెప్పాలి. చెప్పలేదు. ఏడాదికి పెద్ద బాబానే నాకు రిలీజ్ ఇచ్చాడు, అడగకుండానే. షర్క్‌లో చేరాను.

అక్కడే చేపల మార్కెట్లో ఒక మధ్యాహ్నం మేనల్లుణ్ని చూశాను. పక్కన వాళ్ల అన్న. ఇద్దరూ ఒక పెద్ద జుబైదీ చేపను పట్టుకుని, ఇది తాజాది, కాదు నిన్నటిది అని చిన్నపిల్లల్లా వాదులాడుకుంటున్నారు. మధ్యలో అన్న కొడుకు మేనల్లుడి భుజం మీద ఎక్కి కూర్చుని ఉన్నాడు. ఇంటి వాటా ఎప్పుడో తేలిపోయిందట. అంత గొడవా మూడు నెలలు కూడా నిలవలేదు. చిన్నాయన ఆ ముక్క పూర్తి చేసి ఉంటే ఆ మూడు నెలల్లో అతని బండిలో ఏముండేదో తలుచుకుని, నేను కొన్న చేపలు అక్కడే మరిచిపోయి వచ్చాను.

సెలవుకు వెళ్లినప్పుడు రాయచోటిలో చిన్నాయనను వెతుక్కుంటూ పోయాను. బస్టాండు దగ్గర తాళంచెవుల బండి పెట్టుకున్నాడు. ఇంటికి తీసుకుపోయాడు. పైకప్పు రేకులదే, అయినా కప్పు. పిన్నమ్మ రాగి సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి పెట్టింది. చేపల మార్కెట్ సంగతి చెప్పాను. తింటున్నవాడు ఆగి, ‘బిడ్డ బుజం మీద ఎక్కిండాడా?’ అని మళ్లీ అడిగాడు. అవునని చెబితే చాలా సంతోషపడ్డాడు. పిన్నమ్మను పిలిచి ఆమెకు కూడా చెప్పించాడు.

అప్పుడు అడిగేశాను. ‘చెయ్యనని చెప్పింటే సరిపోయేది కదా చిన్నాయనా. పేరన్నా దక్కేది. చేత కాని ముసలోడని అనిపించుకుని వచ్చినావు.’

సంగటి పిసుకుతూ చెప్పాడు.

‘మా నాయన కొలిమి పనోడు. నా చిన్నప్పుడు ఒగడు నాటు తుపాకి తెచ్చి బాగు చెయ్యమన్యాడు. మా నాయన చెయ్యనన్యాడు. ఊరంతా మెచ్చుకున్యారు, ధర్మాత్ముడని. వాడు పక్కూరికి పోయి ఇంగొగనితో చేపిచ్చుకున్యాడు. వారానికి ఆ తుపాకితో ఒగ మనిషి పోయినాడు. మా నాయన చెయ్యి సుబ్బరంగానే ఉండాది, ఆ మనిషి లేడు. ఆయనకు సచ్చేదాకా అదే దిగులు. వద్దంటే అది పక్కకు పోతాది నాయనా, ఆగదు.’

‘ఖైతాన్‌లో పక్కన ఇంకెవరున్నారు చిన్నాయనా, ఆ పని చేసేవాళ్లు?’ అన్నాను. అన్నాక గాని ఆ మాట ఎంత తెలివితక్కువదో తెలియలేదు.

చిన్నాయన నా ముఖం చూడలేదు. ఊరిబిండి గిన్నె నా వైపు జరిపాడు.

‘పెద్ద బాబా వచ్చిందాకా జరపల్లనే అనుకున్యా. వచ్చినాక ఆయన చేతికే ఇచ్చి, ఇదీ సంగతి అని చెప్పల్లని. చాయ్ తెస్తా తెస్తా నువ్వు తల ఊపింది చూసినా. ఇంగ జరపలేననిపించె.’

పిన్నమ్మ లోపల ఏదో గిన్నె కడుగుతోంది.

‘నాకు చెప్పుండొచ్చు కదా’ అన్నాను. ‘చెయ్యొద్దురా అని.’

‘చెప్పింటే ఇనేవానివా?’

వినేవాణ్నని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ రోజు బండిలో ఉన్న రిలీజ్ కాగితం కళ్ల ముందుకు వచ్చింది. ఎదురుగా ఆయన చెయ్యి సంగటి మీద, ఏమాత్రం కదలకుండా ఉంది.

‘లేదు చిన్నాయనా’ అన్నాను. ‘చేసేవాణ్ని.’

‘అందుకే’ అన్నాడు. కోపం లేదు, జాలీ లేదు. ‘తిను. చల్లారిపోతాంది.’

తల ఎత్తకుండా తిన్నాను.